పెన్నా నుంచి గుండ్లకమ్మ దాకా: ఎక్కడ ఏం బలం, ఎక్కడ ఏం లోటు?

పామూరు దారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడో ఒకచోట 5 ఎకరాలు కొని, అక్కడే ఇల్లు కట్టుకుని ఉండాలని నిర్ణయం. 2022 నుంచి జిల్లాల గీతలు మారుతూ వస్తున్నాయి కాబట్టి గూడూరు ఎటు, కందుకూరు ఎటు అన్న లెక్క వదిలేసి పాత రెండు జిల్లాలుగానే మాట్లాడుకుందాం.

చూసినవి మూడు చోట్లు. కోవూరు–బుచ్చిరెడ్డిపాళెం వైపు మాగాణి. పొదలకూరు–రాపూరు వైపు పాత నిమ్మతోట. కనిగిరి–పామూరు మధ్య ఎర్రనేల, ఇది మిగతా రెండింటితో పోలిస్తే బాగా చవక. ఇవి కాక అల్లూరు వైపు రొయ్యల గుంటలు లీజుకు ఉన్నాయని ఒకరు చెబుతున్నారు.

మా ప్రాంతం గొప్పదంటే మా ప్రాంతం గొప్పదని వాదన వద్దు. నీళ్లు ఎన్ని నెలలు ఉంటాయి, ఏ పంట నిలబడుతుంది, ఏది ముంచుతుంది, తాగే నీళ్ల సంగతేంటి, ఆసుపత్రికి ఎంత దూరం, ఇవి తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో నాలుగేళ్ల పాప, పెద్దవాళ్లు ఉన్నారు.

కనుపూరు కాలువ

అన్నా, ఇక్కడ నేల రంగు, రోడ్డు దూరం తర్వాత చూడొచ్చు. ముందు ఆ పొలానికి నీళ్లు యాడ నుంచి వస్తాయి, ఏ నెలలో వస్తాయి అని అడగండి. బలమైనా లోటైనా అక్కడే తేలిపోతుంది.

రాష్ట్రంలో మిగతా చోట్ల జూన్, జులై వానలకు నాట్లు పడతాయి. నెల్లూరుకు ఆ వానలు అరకొర. ఇక్కడ ఏడాది వానలో సగం పైన అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాల్లో కురుస్తుంది. అందుకే మన అసలు పంట రబీ. అక్టోబరు, నవంబరులో నారు పోసి, డిసెంబరు లోపల నాట్లు ముగించి, ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా కోస్తారు. నీళ్లు మిగిలిన ఏడాది ఏప్రిల్, మే నుంచి సెప్టెంబరు లోపల ఎడగారు (రెండో పంట) వేస్తారు. ఎడగారును లాభంగా లెక్కేసుకోండి, హక్కుగా లెక్కేసుకోవద్దు.

పెన్నా డెల్టాకు ఆధారం సోమశిల. నిండితే సుమారు 78 టీఎంసీలు. దాని వెనక 68 టీఎంసీల కండలేరు ఉంది. పెన్నాలో పైనుంచి వచ్చే వరదే కాక, శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా కృష్ణా నీళ్లు కూడా సోమశిలకు చేరతాయి. కండలేరు నుంచి చెన్నైకి తాగునీరు పోతుంది. ఆ ఒప్పందం లెక్క 15 టీఎంసీలు, మూడు రాష్ట్రాలు తలా 5 ఇచ్చినవి. ఈ రెండు జలాశయాల వల్ల ఒక ఏడాది వాన తప్పినా డెల్టా వెంటనే ఎండిపోదు. రాష్ట్రంలో ఇంత నిల్వ చేతిలో ఉన్న డెల్టాలు తక్కువ. ఇది మన పెద్ద బలం.

ఏటా అక్టోబరు చుట్టూ నీటిపారుదల సలహా మండలి సమావేశం పెట్టి, ఆ రోజు నిల్వను బట్టి ఎన్ని ఎకరాలకు నీళ్లో ప్రకటిస్తారు. మీరు చూసిన పొలానికి గత పదేళ్లలో రబీకి ఎన్నిసార్లు నీళ్లు ఇచ్చారు, ఎడగారుకు ఎన్నిసార్లు ఇచ్చారు, ఇది కాలువ లస్కరును (నీళ్లు వదిలే మనిషి) అడిగితే నోటిమీద చెబుతాడు. కాలువ తల దగ్గరి పొలమా చివరి పొలమా కూడా అక్కడే తెలుస్తుంది. రెండింటి మధ్య తేడా నాట్లకు పదిహేను, ఇరవై రోజులు. అంత ఆలస్యమైతే పూత దశ మంచు రోజుల్లో పడి మెడవిరుపు (అగ్గితెగులు వెన్ను మెడకు తగలడం) తగులుతుంది. బీపీటీ 5204, అదే సాంబా మసూరి, ఈ తెగులుకు త్వరగా లొంగుతుంది. నెల్లూరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, అదే నెల్లూరు మసూరి, 120 నుంచి 125 రోజుల పంట, అగ్గితెగులును బాగా తట్టుకుంటుంది. ఇక్కడ అది అంతగా పాకడానికి కారణం ఇదే.

అమ్మకం దగ్గరి లోటు కూడా తెలుసుకోండి. నెల్లూరులో ధాన్యం లెక్క పుట్టిలో నడుస్తుంది, పుట్టి అంటే 850 కిలోలు. 2025–26 మద్దతు ధర ఏ గ్రేడుకు క్వింటాలు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20,306. తేమ 17 శాతం దాటితే కోత పెడతారు. మిషన్ కోత అయిన రోజే పొలం గట్టున అమ్మితే తేమ 20కి పైనే ఉంటుంది. అప్పుడు పుట్టికి 50 కిలోలు అదనంగా అడుగుతారు. ఆ 50 కిలోల విలువ దాదాపు 1,195 రూపాయలు. రెండు, మూడు రోజులు ఆరబెట్టుకునే కళ్లం ఉంటే ఆ డబ్బు మీదగ్గరే ఉంటుంది. మాగాణి చూసేటప్పుడు రోడ్డు పక్కన ఆరబోసుకునే గట్టి చోటు ఉందా అని చూడమనేది ఇందుకే.

ఇక ముంచేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల్లో చాలావాటి గాలి, వాన మనకు తగులుతాయి. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదకు కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. మీరు చూసిన కోవూరు వైపు పొలం ఆ వరదలో మునిగిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. పంట పోతే ఒక ఏడాది నష్టం. ఇసుక మేట వేస్తే తీయించడానికి ఎకరాకు పెట్టే ఖర్చు ఏళ్ల తరబడి తేలదు. ఇల్లు మాత్రం పొర్లుకట్టకు వెలుపలే కట్టండి. 2021 నీటి గుర్తు ఊళ్లో గోడల మీద చూసి, దానికన్నా కనీసం రెండడుగులు ఎత్తున పునాది లేపండి.

మెట్టసేద్యం

మాగాణి గురించి పైన రాసింది సరిగ్గా ఉంది. కనిగిరి–పామూరు గురించి నేను చెబుతాను. చవక అన్న మాట వెనక ఏముందో తెలుసుకుని కొంటే ఇది చెడ్డ బేరం కాదు.

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో మూడు జిల్లాల అంచులు కలిపి కట్టింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు. మూడు జిల్లాల్లోనూ కాలువ చివరి భూములే మనకు వచ్చాయి. నాగార్జున సాగర్ కుడి కాలువ చివర మనం. కనిగిరికి అదీ లేదు. వాన ఏడాదికి 870 మిల్లీమీటర్ల చుట్టూ, రెండు రుతుపవనాలకూ దాదాపు సగం సగం. ఏదీ పూర్తి పంటకు చాలినంత కురవదు.

వెలిగొండ ప్రాజెక్టు వస్తుంది గదా అని దళారులు చెబుతారు. ఉన్నది ఉన్నట్టు: 1996లో శంకుస్థాపన. కొల్లంవాగు నుంచి నల్లమల కింద ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల రెండు సొరంగాలు. 2024 మార్చిలో ప్రారంభించారు. ప్రణాళిక ప్రకారం 43.5 టీఎంసీల కృష్ణా వరద నీళ్లు, 4.47 లక్షల ఎకరాలు, 15 లక్షల మందికి తాగునీరు. కానీ సొరంగం ఉన్నంత మాత్రాన పొలానికి నీళ్లు రావు. ఫీడరు కాలువ కావాలి, నల్లమల సాగర్‌లో (ఆ ప్రాజెక్టు జలాశయం) మునిగే ఊళ్లవాళ్లకు పునరావాసం పూర్తి కావాలి, అక్కడి నుంచి మీ మండలం దాకా పంట కాలువలు తవ్వాలి. ఆ పైన అవి వరద నీళ్లు, శ్రీశైలం నిండిన రోజుల్లోనే వస్తాయి. కాబట్టి వెలిగొండ లేదనుకుని ధర కట్టండి. వస్తే మంచిదే.

ప్రస్తుతానికి మీకున్నది బోరు. బోరును డిసెంబరులో చూపిస్తారు, అప్పుడు అన్ని బోర్లూ పోస్తాయి. ఏప్రిల్ చివర, మేలో వెళ్లండి. మోటారు రెండు గంటలు ఆపకుండా నడిపించి, ఆ తర్వాత 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడండి. నిండటానికి 2 నిమిషాలు పడితే గంటకు 6,000 లీటర్లు, వ్యవసాయ కరెంటు 9 గంటలకు 54,000 లీటర్లు. ఒక ఎకరం వరికి రోజుకు 10 మిల్లీమీటర్ల లెక్కన 40,000 లీటర్లు పైగా కావాలి. అంటే ఆ బోరు కింద వరి ఒక్క ఎకరం మించదు. అదే నీళ్లు డ్రిప్పుతో 5 ఎకరాల తోటకు సరిపోతాయి. మెట్టలో వరి వద్దు అనేది ఈ లెక్క చూసే. మోటారు నడుపుతుండగా ధార సన్నబడి మళ్లీ పుంజుకుంటే బోరు అడుగు తేలిందని అర్థం, ఎంత పోస్తుందని చెప్పినా నమ్మొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంట్లో చిన్నపిల్ల ఉందన్నారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. కనిగిరి, పామూరు, పెదచెర్లోపల్లి, పొదిలి, దర్శి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు అంతకుమించి తాగితే శాశ్వత దంతాలు చిగుళ్లలో ఉండగానే పాడై, గోధుమ రంగు చారలతో వస్తాయి, మళ్లీ పోవు. పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్ను బిగుస్తాయి.

చాలామంది పొరపడేవి ఇవి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, బట్టతో వడకట్టడం, క్లోరిన్ బిళ్లలు, ఏవీ పనిచేయవు. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలు చూపిస్తుంది గానీ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ 400 ఉన్న తియ్యటి నీళ్లలో కూడా ఫ్లోరైడ్ 2 దాటి ఉండొచ్చు. రుచి, వాసన, రంగు ఏమీ ఉండవు. పరీక్ష ఒక్కటే దారి. ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుకు పట్టుకుని లెక్క తప్పుతుంది. బోరు పది నిమిషాలు నడిపి, అదే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి, నిండా పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఇవ్వండి. వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి చేయించాలి. పక్కపక్క బోర్లలోనే తేడా ఉంటుంది, ఊరి లెక్క మీ బోరుకు పనికిరాదు.

ఫ్లోరైడ్ ఎక్కువ వస్తే ఇంట్లో ఆర్‌ఓ పెట్టండి, బాగానే తీసేస్తుంది, కానీ మెంబ్రేన్ పాతబడితే ఫ్లోరైడ్ మెల్లగా దాటిపోతుంది, అదీ రుచికి తెలియదు. ఏడాదికోసారి ఆర్‌ఓ నీళ్లు కూడా పరీక్షకు ఇవ్వాలి. తాగడానికే కాదు, అన్నం, పప్పు, టీకి కూడా ఆ నీళ్లే వాడాలి. కుండలో తాగునీళ్లు మార్చి వంట బోరు నీళ్లతోనే చేసే ఇళ్లు చాలా ఉంటాయి, ఫలితం సగమే. అన్నిటికన్నా మంచిది వాన నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 500 మిల్లీమీటర్ల వాన పడితే, మొదటి వాన వదిలేసి, నష్టాలు పోను 35,000 లీటర్లకు తగ్గకుండా పట్టొచ్చు. రోజుకు 30 లీటర్లు వాడే ఇంటికి ఏడాదికి 11,000 లీటర్లు చాలు. కట్టే ఇల్లు కాబట్టి 12,000 లీటర్ల మూసిన తొట్టి నేలలో ముందే కట్టేయండి.

మెట్ట బలాలు కూడా ఉన్నాయి. ఇక్కడ పండే వర్జీనియా పొగాకుకు ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు వేలం కేంద్రాలు ఉన్నాయి. కళ్లముందు వేలం, ఖాతాలో డబ్బు. కానీ బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా కొత్తగా దిగడం కుదరదు, బ్యారన్‌కు ఇంత పంట అని పొగాకు బోర్డు హద్దు పెడుతుంది. అక్టోబరు, నవంబరులో నాటాక తుపాను వానకు నీళ్లు ఒకటి రెండు రోజులు నిలిస్తే మొక్క నిలువునా వాలిపోతుంది. వేలం లేని బర్లీ రకాలు కొనుగోలుదారు నోటిమాట నమ్మి వేస్తే ఏమవుతుందో 2025లో పర్చూరు వైపు అందరూ చూశారు, చివరికి ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. పొగాకు కొత్తవాళ్లకు నేను చెప్పను.

నల్లనేల అయితే శనగ. జేజీ 11 రకం ఎకరాకు 25–30 కిలోల విత్తనం, అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు సగం లోపల, 95–100 రోజుల్లో చేతికి. వేసేటప్పుడు నేలలో ఉన్న తేమతోనే పండుతుంది. మీరు చూసింది ఎర్రనేల కాబట్టి కంది, సజ్జ, ఆముదం, లేదంటే డ్రిప్పు మీద తోట.

పశువులు పెట్టుకునేట్టయితే ఒంగోలు గిత్తల నేల ఇది. గుండ్లకమ్మ, పాలేరు, మూసి నదుల మధ్య పుట్టిన జాతి. ఎండను, తక్కువ మేతను తట్టుకునే గుణం చూసే బ్రెజిల్ వాళ్లు తీసుకెళ్లి నెలోర్ పేరుతో దేశమంతా పెంచుకున్నారు. పాలవ్యాపారానికి మాత్రం ఒంగోలు ఆవు కుదరదు, దానికి ముర్రా గేదె. రెండూ కలిపి ఆలోచించొద్దు.

పామూరు దారి

చాలా థాంక్స్ అన్నా. డ్రమ్ము లెక్క, సీసా పద్ధతి రాసిపెట్టుకున్నా. పొదలకూరు తోట గురించి కూడా ఎవరైనా చెప్పండి. చెట్లు పన్నెండేళ్లవి, 5 ఎకరాల్లో 500 పైన ఉన్నాయి. వేసవిలో కాపు బాగుంటుందని అమ్మేవాళ్లు అంటున్నారు.

రాపూరు ఘాటు

"వేసవిలో కాపు" అన్న మాటను నమ్మకుండా లెక్క చూడాలి తమ్ముడూ. నిమ్మలో డబ్బంతా మార్చి నుంచి మే దాకా ఉంటుంది, మిగతా నెలల్లో కోత కూలి, లారీ కిరాయి వచ్చినా సంతోషమే. 2022 ఏప్రిల్‌లో కిలో 150 రూపాయలు దాటింది, చలికాలంలో అదే కాయ కిలో పది, పదిహేనుకు పడిపోయిన ఏళ్లు ఉన్నాయి. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి సరుకు ఢిల్లీ వైపు పోతుంది, అక్కడ చలి ఉంటే ఇక్కడ ధర లేదు.

వేసవిలో కాయ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరులో పూత రావాలి, పూత నుంచి కాయకు ఐదారు నెలలు. దానికి పద్ధతి ఉంది: జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం 50 పీపీఎం పిచికారీతో అప్పటి పూత ఆపడం, సెప్టెంబరులో సైకోసెల్ 1,000 పీపీఎం, అక్టోబరులో పొటాషియం నైట్రేట్ 1 శాతం, మధ్యలో తేలిక నేలల్లో రెండు మూడు వారాలు నీళ్లు ఆపడం. పుస్తకంలో బాగానే ఉంటుంది. మన దగ్గర చిక్కు ఏంటంటే, చెట్టుకు వాడు పెట్టాల్సిన (నీళ్లు ఆపి చెట్టును వాడనివ్వాల్సిన) రోజుల్లోనే మనకు వానలు మొదలవుతాయి. అక్టోబరు వాన ముందే పడితే వాడు చెదిరి పూత బదులు చిగురు వస్తుంది. ఈ మహారాష్ట్ర పద్ధతిని తేదీలతో సహా దించుకుంటే ఇక్కడ పనిచేయనిది ఇందుకే. వాలుగా ఉండి నీళ్లు జారిపోయే గరప నేల అయితే వాడు పెట్టడం కుదురుతుంది. బంకనేలలో కుదరదు. ఆ పొలం వాలు చూడండి.

నీళ్లు: ఎదిగిన చెట్టుకు మేలో రోజుకు 80 లీటర్లు అనుకుంటే 550 చెట్లకు 44,000 లీటర్లు. పైన మెట్టసేద్యం అన్న చెప్పిన 2 నిమిషాల డ్రమ్ము బోరుకు ఇది దాదాపు హద్దు. ఉప్పు నీళ్లు నిమ్మకు పడవు, నీటితో పాటు మట్టి కూడా పరీక్షకు ఇచ్చి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), సున్నం శాతం చూడండి. సున్నం ఎక్కువైతే ఆకులు పసుపు తిరిగి, ఎంత జింకు కొట్టినా పచ్చబడవు.

చెట్లు చూసేటప్పుడు మొదలు దగ్గర మట్టి తోసి చూడండి. బెరడు కుళ్లి బంక కారుతుంటే ఆ చెట్టు లెక్కలో వేయొద్దు. కొమ్మల చివర నుంచి ఎండుతూ రావడం మరో గుర్తు. 500 చెట్లలో ఇలాంటివి వంద దాటితే తోట ధర కాదు, ఖాళీ నేల ధర ఇవ్వండి, ఎందుకంటే కొత్త మొక్క కాపుకు నాలుగేళ్లు. ఖాళీలు నింపేటప్పుడు 6 మీటర్ల దూరం, మీటరు లోతు గుంత. గజ్జి తెగులు మన వానలకు తప్పదు. 10 లీటర్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ 30 గ్రాములు. ఎండిన, గజ్జి పట్టిన కొమ్మలు వానలకు ముందే కత్తిరించి కాల్చేయాలి, కత్తిరించకుండా మందు కొడితే డబ్బు దండగ. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన స్థానం ఉంది, మట్టి ఫలితం పట్టుకుని అక్కడికి వెళ్లండి.

ఉప్పుటేరు

అల్లూరు వైపు గుంటల గురించి. వనామీ రొయ్యలో డబ్బు వేగంగా వస్తుంది, వేగంగా పోతుంది. ఒక ఎకరం లెక్క చెబుతా. 1.2 లక్షల పిల్ల వేసి, 80 శాతం బతికి, 50 కౌంట్‌కు (కిలోకు 50 రొయ్యలు) పడితే 1,920 కిలోలు. మేత కిలోకు కిలోన్నర లెక్కన 2,880 కిలోలు. ఆ బరువుకు ఎకరాకు 4 హెచ్‌పీ ఏరియేటర్లు తగ్గకూడదు, కరెంటు పోతే అర్ధరాత్రి అయినా పది నిమిషాల్లో జనరేటరు అందుకోవాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ 4 మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్య ఒడ్డుకు తేలుతుంది.

అదే గుంటలో ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను ఆపే రోగం) తగిలి, రోజూ కొన్ని చస్తూ 100 కౌంట్ దగ్గరే ఆగిపోయి 60 శాతమే మిగిలితే చేతికొచ్చేది 720 కిలోలు, అదీ చిన్న కౌంట్ ధరకు. అప్పటికే మేత, కరెంటు ఖర్చులో సగం పైన అయిపోయి ఉంటుంది. ఈహెచ్‌పీకి మందు లేదు. పిల్లను హేచరీలో కొనేముందు పీసీఆర్ పరీక్షలో తెల్లమచ్చ రోగం, ఈహెచ్‌పీ రెండూ లేవని చూసుకోవడం, ముందు పంట అయ్యాక గుంట ఎండగట్టి అడుగు బురద తీసి సున్నం పట్టించడం, ఇవే దారి. లీజు గుంటల్లో ఈ ఎండగట్టడమే జరగదు, ఎందుకంటే లీజు నెలలు పోతాయి. అందుకే లీజుకు ఇస్తామన్న గుంటలో గత రెండు పంటలు ఏ కౌంట్‌కు, ఎన్ని రోజులకు పట్టారో మేత కొట్టు లెక్కల్లో చూడండి, నోటిమాట కాదు.

కాలం కూడా మనకు ఎదురు. మేలో ఏటినీటి ఉప్పదనం లీటరుకు 40 గ్రాములు దాటుతుంది, నవంబరు వానకు రెండు రోజుల్లో సగానికి పడుతుంది. పడిన వెంటనే పీహెచ్ కూడా జారి, రొయ్య గుల్ల విడిచి మెత్తబడుతుంది. వాన ముందే తూము పైపలకలు తీసి పైనీళ్లు వదిలేయాలి, ఖనిజాలు కలపాలి. ఇంట్లో పసిపిల్ల, పెద్దవాళ్లు ఉండి, మొదటిసారి దిగేవాళ్లకు ఇది వద్దనే చెబుతా. పక్కన వరి ఉంటే ఇంకా వద్దు. గుంట నీళ్లు ఊరి ఆ మడి చవుడు తేలితే ఆ రైతు పొలం పోతుంది, వాళ్లతో తగవు మిగులుతుంది.

కనుపూరు కాలువ

ఆసుపత్రి, రైలు ఎవరూ రాయలేదు, రెండు మాటలు. నెల్లూరు నగరం వైద్యానికి గట్టిది, కోవూరు నుంచి అర్ధగంట. పొదలకూరు నుంచి గంట లోపే. కనిగిరి నుంచి ఒంగోలు 80 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది, గుండెనొప్పికి అది పెద్ద దూరం. రైలు కోస్తా వెంట ఉన్నంత మెట్టకు లేదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా పోవాల్సినది, 309 కిలోమీటర్లు. అది పూర్తిగా నడిచినప్పుడు మెట్ట ముఖం మారుతుంది. వెలిగొండకు చెప్పినట్టే, దాన్నీ ధరలో కలపొద్దు.

చీమకుర్తి వైపు ఎవరైనా ఇల్లు చూపిస్తే గ్రానైట్ కోత యూనిట్లకు గాలివాటు ఎటుందో చూడండి. ఆ నల్ల గెలాక్సీ రాయి ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతోంది, కానీ పొడిగా కోసే చోట లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. మార్కాపురం పలకల పనిదీ అదే బాధ. నీళ్లు చిమ్ముతూ కోసే యూనిట్లు నయం.

మెట్టసేద్యం

ఒక్కచోట ఒప్పుకోను అన్నా. మాగాణి సురక్షితం, మెట్ట కష్టం అన్నట్టు చదివేవాళ్లకు అనిపిస్తుంది. తుపాను ఏడాది మాగాణిలో కోతకు వచ్చిన వరి పడిపోయి మొలకలొస్తుంటే, అదే వాన మెట్టకు రెండేళ్ల బోరు నీళ్లు. ఎండల సంగతైతే రెండూ ఒకటే, మేలో ఒంగోలు, నెల్లూరు రెండూ 45 డిగ్రీలు చూస్తాయి, ఇల్లు ఎక్కడ కట్టినా పడమటి గోడకు కిటికీలు తగ్గించి చెట్టు పెంచాల్సిందే.

అడంగల్

పొలం ఏదైనా, బయానా ఇచ్చే ముందు కాగితాలు. మన రెండు జిల్లాల్లో దీనికి ప్రత్యేకమైన చిక్కులు మూడున్నాయి.

ఒకటి, చుక్కల భూములు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (ఆర్‌ఎస్‌ఆర్) పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి. నెల్లూరు, ప్రకాశం రెండు చోట్లా చాలా ఉన్నాయి. 2017లో వీటికోసం చట్టం తెచ్చారు. మీ సర్వే నంబరుకు ఉత్తర్వు వచ్చిందా, 22ఏ నిషేధిత జాబితా నుంచి తీసేశారా అన్నది కాగితం మీద చూడాలి. అమ్మేవాళ్ల చేతిలో అడంగల్, 1బి శుభ్రంగా ఉన్నా ఆర్‌ఎస్‌ఆర్ నకలు తీయించండి.

రెండు, డీకేటీ పట్టాలు. ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి, 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. తర్వాత వచ్చిన సడలింపు 20 ఏళ్లు దాటినవాటికి, అదీ అసలు లబ్ధిదారు లేదా వారసుల చేతిలో ఉన్నవాటికి. మధ్యలో సాదా కాగితం మీద చేతులు మారినవి కొనొద్దు. కనిగిరి–పామూరు వైపు చవక ధరకు ఇదొక పెద్ద కారణం.

మూడు, నెల్లూరు వైపు సీజేఎఫ్‌ఎస్ భూములు, అంటే సహకార ఉమ్మడి సేద్య సంఘాలకు ఇచ్చినవి. సాగులో ఒకరు, కాగితంలో సంఘం ఉంటారు. తరి పొలమని చూపించినా సంఘం పేరు కనబడితే వెనక్కి రండి.

ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం, కంప్యూటరులో 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత పుస్తకంలో వెతికించాలి. అన్నీ సరిపోయాక మండల సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) ప్రకారం కొలిపించి, నాలుగు మూలలా రాళ్లు పాతించి, గట్టు పక్క రైతుల సంతకాలు తీసుకున్న తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి. మాగాణిలో గట్లు ఏటా అంగుళం అంగుళం జరుగుతాయి. 5 ఎకరాలని కొన్నది కొలిస్తే 4 ఎకరాల 80 సెంట్లు వచ్చిన చోట్లు తక్కువేమీ లేవు. కాబట్టి ఒప్పంద పత్రంలో ధరను మొత్తానికి కాకుండా సెంటుకు ఇంత అని రాయించి, కొలతకు వచ్చిన సెంట్లకే డబ్బు అని ఒక వాక్యం పెట్టించండి.